టంగ్‌స్టన్ నానో గ్రీజు: ప్రెస్ మిషన్‌లో మూడు నెలలు వాడాక

పంచింగ్ ప్రెస్‌లో పిన్‌కీ, దాని చుట్టూ తొడుగులా ఉండే బుష్‌కీ మధ్య మామూలు గ్రీజు నిలవడం కష్టం. దెబ్బ దెబ్బకీ పక్కకి తోసుకుపోతుంది, వారం తిరక్కుండానే కీచుమని మోత. విసుగొచ్చి ఈ టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ నానో గ్రీజు, అంటే టంగ్‌స్టన్, గంధకం కలిసిన అతి సూక్ష్మ రేణువులు వేసిన గ్రీజు తెప్పించాను. మూడు నెలలుగా మోత లేదు. మొన్న విప్పి చూస్తే పిన్ మీద కొత్త గీతలు కూడా లేవు, గుడ్డతో ఎంత తుడిచినా వదలని బూడిద రంగు పొర ఒకటి అంటుకుని ఉంది, అంతే.

డబ్బా మీద "25 గిగాపాస్కల్స్ తట్టుకుంటుంది" అని పెద్దక్షరాల్లో వేశారు. అంటే గాలి పీడనానికి దాదాపు రెండున్నర లక్షల రెట్లు! నమ్మబుద్ధి కాక వెతికి చదివాను. అంకె నిజమే. 1992లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో రెషెఫ్ టెన్నే బృందం బయటపెట్టిన రేణువులివి. 2005లో అచ్చయిన షాక్‌వేవ్ (ఒక్కసారిగా తాకే పీడన తరంగం) ప్రయోగాల్లో ఇవి 25 గిగాపాస్కల్స్ దాకా, ఇదే కోవకి చెందిన మాలిబ్డినం డైసల్ఫైడ్ రేణువులు 30 దాకా ఓర్చుకున్నాయి. కాకపోతే ఆ దెబ్బ రెప్పపాటు కూడా ఉండదు, పైగా తట్టుకున్నది రేణువు, గ్రీజు కాదు. ఆ తేడా డబ్బా మీద రాయకపోవడం నాకు అస్సలు నచ్చలేదు.

రేణువు నిర్మాణం మాత్రం అద్భుతం. ఉల్లిపాయలా పొర మీద పొర, నడుమ బోలు. ఒక్కో పొరలో టంగ్‌స్టన్‌కి అటూ ఇటూ గంధకం. ఇదే పదార్థం మామూలుగా పలకల పొడిగా ఉంటే దానికి అంచులుంటాయి, ఆ అంచుల దగ్గరే రసాయన చర్య మొదలవుతుంది. ఇక్కడ పొర గుండ్రంగా మూసుకుపోయింది కాబట్టి అంచే లేదు. దెబ్బ పడితే గూడు కాస్త నొక్కుకుంటుంది, మరీ గట్టి దెబ్బయితే పై పొరలు ఊడి లోహానికి అతుక్కుని అవే జారుడునిస్తాయి. నా పిన్ మీద కనిపించిన బూడిద రంగు అదే అనుకుంటున్నాను.

ఒక ఇబ్బంది ఉంది. కొన్నాళ్లు కదపకుండా ఉంచితే పైన నూనె తేలుతుంది, కింద నల్లగా గట్టిపడుతుంది. నేను మొదటిసారి కలపకుండా పైదే తీసి పూశాను, మామూలు గ్రీజుకీ దానికీ పెద్ద తేడా కనిపించలేదు. పుల్లతో అడుగుదాకా బాగా కలిపి వాడండి. ఇదే పొడి కలిపిన ఇంజిన్ ఆయిల్ కూడా దొరుకుతుంది, కానీ ఇంజిన్ ఆయిల్‌లోనే క్లచ్ మునిగి ఉండే బైకుల్లో పోసే ముందు బండి మాన్యువల్ చూసుకోండి, క్లచ్ ప్లేట్లు జారితే పికప్ పోతుంది.