జహీరాబాద్ అవ్వ విత్తనాల మూటలు: ఒక పంట తీసినంక రాస్తున్న రివ్యూ

పోయిన జనవరిల పాత పంటల జాతర చూద్దామని జహీరాబాద్ దిక్కు పోయినం. డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) మహిళా సంఘాలోళ్లు ఏటా సంక్రాంతికి మొదలుపెట్టి ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు పెట్టుకుని నెలరోజులు ఊరూరూ తిరుగుతరు కదా, అదే. తిరిగొస్తుంటే సంతల ఒక అవ్వ కనబడ్డది, పేడతోని అలికిన ఈత బుట్టలు ముందర పెట్టుకుని కూసుంది. ఆమె దగ్గర కొన్నదానికే ఈ రివ్యూ, జాతరకు కాదు.

మాకు వికారాబాద్ దగ్గర అరెకరం చెల్క ఉంది. అంతకుముందు ఆన్‌లైన్ల ఒక సీడ్ కిట్ తెప్పిస్తే ప్యాకెట్ మీద బొమ్మలు సూపర్, లోపల గింజలు సగం మొలవనే లేదు, ఏది ఎప్పుడు ఎయ్యాలె, దేంతోని కలిపి ఎయ్యాలె ఒక్క ముక్క రాసి లేదు. అవ్వ దగ్గర అసలు ప్యాకెటే లేదు, పాత చీర గుడ్డల ముడులు. విప్పితే బూడిద, ఎండిన వేపాకు, పొగ వాసన. పచ్చజొన్న, కొర్రలు, సామలు, తైదలు (రాగులు), కందులు, అనుములు, బొబ్బర్లు, పుంటికూర గింజలు, కుసుమలు, మొత్తం తొమ్మిది రకాలు.

అసలు సరుకు మాత్రం ఆమె నోట్లె ఉంది. నేను సామల ధర అడిగితే ముందుగాల "ఎప్పుడు ఎయ్యబోతున్నవ్ బిడ్డా" అని నన్నే అడిగింది. లీవు దొరికితే ఫస్ట్ వానకే ఏస్త అవ్వా అంటే నవ్వి "రోహిణి కార్తెల పడ్డ చినుకును నమ్మకు, ఆరుద్ర వాన అదను వాన" అన్నది. శెనగ ఏస్తే చుట్టూ కుసుమలు పెట్టుమన్నది, ముండ్లకు గొడ్లు లోపటికి రావంట. కలుపు మొత్తం పీకకు, తుమ్మికూర వినాయక చవితికి కావాలె, గునుగు లేతగున్నప్పుడు తినొచ్చు అన్నది. ఆఖరుకు విత్తేటప్పటి పాట అందుకుంది, అండ్ల పంటల పేర్లన్నీ వరసగా వస్తయి, దేని పక్కన ఏదో కూడా. ఫోన్ల రికార్డ్ చేసిన గానీ పక్క దుకాణం మైక్ గోలకు సగం ఇనబడదు, ఆ పాపం నాదే, పక్కకు జరిగి రికార్డ్ చేసుకోవాల్సింది.

ఇగ రిజల్ట్. సలహా ఇన్న తర్వాత కూడా తెలివి చూపించి సగం చెల్కల రోహిణి చివర్ల పడ్డ వానకే ఏసిన, పదిరోజులు మబ్బే లేదు, మొలకలు మాడిపోయినయి. మిగిలిన సగం ఆరుద్రల ఏస్తే నిండుగ మొలిచింది. తైదలు, అనుములు మస్తు వచ్చినయి, పచ్చజొన్న పిట్టలు సగం తిన్నయి, కొర్రలు ఓకే.

మైనస్ లేదా అంటే ఉంది. మూటల మీద పేర్లు లేవు, బస్సుల రెండు ముడులు ఊడి సామలు, కొర్రలు కలిసిపోయినయి. మా అమ్మ చాటల పోసుకుని ఒక పూటంతా ఏరింది, ఏరుకుంట ఆమెకూ చిన్నప్పటి సామెతలు యాదికొచ్చినయి, ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న నాకు చెప్పలే. ఫోన్‌పే కూడా లేదు, చిల్లర తీస్కపోండి.

ఈ ముచ్చట్లు ఇంటికాడ కూసుని ఇందామంటే జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్ల సంఘం రేడియో ఉంది, 90.4 ఎఫ్ఎం, 2008 నుంచి నడుస్తుంది, నడిపేటోళ్లు దళిత ఆడోళ్లే, పంటల మాటలు, పాటలు ఏస్తరు. చిన్న స్టేషన్, మా చెల్కకాడికి పట్టది.

గింజలకు 5కి 5, ప్యాకింగ్‌కు 2. అవ్వ నా దగ్గర అనుములకు పైసలు తీసుకోలే, పండినంక రెండింతలు తెచ్చియ్యి అన్నది. రెండు సోలలు పక్కకు తీసి బూడిద కలిపి పెట్టిన, జనవరిల మళ్ల పోవాలె, ఈసారి సప్పుడు లేని తావుల కూసొని పాట మొత్తం రికార్డ్ చేస్త.