క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ: ఏళ్ల తరబడి కట్టి, క్లెయిమ్ కూడా చేశాక నా సమీక్ష

ఈ పాలసీ గురించి చెప్పేవాళ్లలో ఎక్కువమంది దాన్ని అమ్మేవాళ్లు, లేదా కొత్తగా కొన్నవాళ్లు. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టి, జబ్బు పడి, క్లెయిమ్ పెట్టి, డబ్బు అందుకున్నవాళ్లు చెప్పగా నేను పెద్దగా వినలేదు. నాకు అవన్నీ జరిగాయి. మా అక్క కూడా ఇలాంటి పాలసీయే తీసుకుంది, జబ్బు పడింది, ఆమెకి మాత్రం డబ్బు రాలేదు. రెండూ దగ్గరనుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సంపాదన మీద ఇల్లు నడిచేవాళ్లు దీన్ని తీసుకోవడం మంచిదే. అయితే కంపెనీ డబ్బిచ్చేది జబ్బు పేరుకి కాదు, ఆ జబ్బుకి పాలసీ బాండులో రాసుకున్న నిర్వచనానికి. ఈ ఒక్క విషయం కొనేముందే తెలిస్తే సగం గొడవలు ఉండవు.

మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ ఆస్పత్రి బిల్లు కడుతుంది. బిల్లు ఎంతైతే అంత, పరిమితి దాకా. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీకి బిల్లులతో పనిలేదు. జాబితాలో ఉన్న పెద్ద జబ్బు నిర్ధారణ అయితే, బీమా మొత్తం ఒకేసారి మన బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టామని ఎవరూ అడగరు. కాబట్టి ఒకటుంటే రెండోది అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి, రెండింటి పనులు వేరు.

అసలు ఇది పుట్టిందే ఒక డాక్టరు ఆలోచనలోంచి. 1967లో కేప్‌టౌన్‌లో ప్రపంచంలోనే మొదటి గుండె మార్పిడి చేసిన క్రిస్టియాన్ బర్నార్డ్ తమ్ముడు మారియస్ బర్నార్డ్. ఆయన కూడా గుండె సర్జనే, ఆ ఆపరేషన్ బృందంలో ఉన్నాడు. తన చేతిలో బతికి బయటపడ్డ రోగులు ఇంటికెళ్లాక డబ్బులేక చితికిపోవడం చూసి, చావుకి కాకుండా బతికినందుకు డబ్బిచ్చే బీమా ఉండాలని పట్టుబట్టాడు. 1983లో దక్షిణాఫ్రికాలో మొదటి పాలసీ వచ్చింది. అందులో ఉన్నవి నాలుగే: గుండెపోటు, క్యాన్సర్, పక్షవాతం, బైపాస్ ఆపరేషన్. ఇప్పటి పాలసీల్లో జాబితా ముప్పైకీ నలభైకీ పోయినా, క్లెయిముల్లో సింహభాగం ఇప్పటికీ ఆ పాత జబ్బులదే. అందుకే జాబితా పొడుగు చూసి మురిసిపోనక్కర్లేదు. ఆ నాలుగింటి నిర్వచనాలు ఎలా రాశారో చూడండి చాలు.

కొనేటప్పుడు నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, టర్మ్ పాలసీకి (మనం చనిపోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) రైడర్‌గా, అంటే అదనపు కవరుగా, తగిలించుకోవడం. ఇంకోటి విడిగా తీసుకోవడం. రైడర్ చవక. కానీ కొన్ని రైడర్లలో జబ్బుకి ఇచ్చిన డబ్బుని టర్మ్ పాలసీ మొత్తంలోంచి తగ్గించేస్తారు. అంటే మనకి జబ్బు వస్తే, తర్వాత కుటుంబానికి రావాల్సింది ఆ మేరకు తగ్గిపోతుంది. నాకు అది నచ్చలేదు, విడిగానే తీసుకున్నాను. అప్పటికే నేను బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తులో, మాత్ర పేరుతో సహా రాశాను. దానికి లోడింగ్ అని చెప్పి ప్రీమియం కొంచెం పెంచారు. "ఇంత చిన్నదానికి రాయడం ఎందుకండీ" అన్నాడు ఏజెంటు. ఆ మాట మీరు అస్సలు వినకండి. ఎందుకో కింద చెబుతాను.

పాలసీ మొదలైన కొత్తలో ఒక వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. చాలా పాలసీల్లో 90 రోజులు. ఆ లోపు జబ్బు బయటపడితే ఇవ్వరు. దాని సంగతి అంతే.

కొన్నేళ్లు గడిచాక నాకు గుండెపోటు వచ్చింది. ఛాతీ పట్టేసినట్టు ఉండి, నొప్పి దవడ దాకా పాకింది. ఇసిజిలో మార్పులు కనిపించాయి, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే పదార్థం) పెరిగింది, యాంజియోగ్రామ్ చేసి ఒక రక్తనాళంలో స్టెంట్ వేశారు. బిల్లు హెల్త్ ఇన్సూరెన్స్ కట్టింది. నేను ఇంటికి రాగానే మా ఆవిడ ఈ పాలసీ బాండు తీసింది.

ఇక్కడ శ్రద్ధగా చదవండి. బాండులో గుండెపోటు అంటే మూడు కలిసి ఉండాలి: అలాంటి ఛాతీ నొప్పి, ఇసిజిలో కొత్త మార్పులు, గుండె కండరం దెబ్బతిన్నట్టు చూపించే రక్తపరీక్ష. యాంజైనా (గుండెకి రక్తం చాలక వచ్చే నొప్పి) లాంటివి కుదరవని విడిగా రాశారు. నా డిశ్చార్జ్ సమ్మరీలో మొదట రాసింది 'అక్యూట్ కరోనరీ సిండ్రోమ్' అని. అది గొడుగు పేరు. దానికింద గుండెపోటూ వస్తుంది, పాలసీ ఒప్పుకోని అన్‌స్టేబుల్ యాంజైనా కూడా వస్తుంది. కంపెనీవాళ్లు వెంటనే ప్రశ్న పంపారు: ఏది? నాకు వైద్యం చేసిన కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్తే ఆయన విసుక్కోకుండా జబ్బు పూర్తి పేరు, నిర్ధారణ అయిన తేదీ, ట్రోపోనిన్ విలువలు వేసి ఉత్తరం ఇచ్చారు. ట్రోపోనిన్ పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి తొందరగా ఆస్పత్రికి చేరినవాళ్లకి మొదటి శాంపిల్ నార్మల్‌గా కూడా రావచ్చు. అందుకే ఒకటికి రెండుసార్లు చూస్తారు. ఆ రిపోర్టులన్నీ తేదీ, సమయంతో సహా దాచుకోవాలి. క్లెయిమ్ నిలబడేది వాటిమీదే.

తర్వాత వచ్చిన ప్రశ్న బీపీ గురించి. ఎప్పటినుంచి ఉంది, ఏ డాక్టరు దగ్గర చూపించుకున్నారు, పాత చీటీలు పంపండి అన్నారు. పంపాను. అవి ప్రపోజల్ ఫారంలో నేను రాసినదానితో సరిపోయాయి, ఆ ఫైలు అక్కడితో ముగిసింది. రాయకపోయి ఉంటే, దాచారన్న కారణంతో క్లెయిమే కొట్టేసే వీలు వాళ్లకి ఉండేది. ఏజెంటు మాట వినొద్దన్నది ఇందుకే. ఫారం మీద సంతకం మనది, జవాబుదారీ కూడా మనదే.

సర్వైవల్ పీరియడ్ అని ఇంకొకటుంది. జబ్బు నిర్ధారణ అయ్యాక ఇన్ని రోజులు బతికి ఉంటేనే డబ్బిస్తారు. 14 రోజులని కొందరు, 30 రోజులని కొందరు పెడతారు. నా పాలసీలో 30. ఈ షరతు విన్నప్పుడు మా ఇంట్లో అందరికీ కడుపులో దేవినట్టయింది. ఇది బతికినవాళ్ల కోసం పెట్టిన బీమా, చనిపోతే ఆదుకోవడానికి టర్మ్ పాలసీ ఉంటుంది అన్నది దాని వెనక లెక్క. లెక్క అర్థమైంది గానీ, మంచం మీద ఉన్న మనిషికి ఆ రోజులు గడవడం చాలా కష్టం. రోజులు తక్కువ ఉన్న పాలసీ దొరికితే అదే తీసుకోండి.

ఒక విషయం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నాకు డబ్బు వచ్చింది గుండెపోటుకి. స్టెంట్‌కి కాదు. నా పాలసీ జాబితాలో యాంజియోప్లాస్టీ, అంటే ఇలా స్టెంట్ వేసే చికిత్స, లేనే లేదు, ఛాతీ తెరిచి చేసే బైపాస్ మాత్రమే ఉంది. అదే నేను ముందే పరీక్షలు చేయించుకుని, పోటు రాకముందే అదే స్టెంట్ వేయించుకుని ఉంటే ఒక్క పైసా వచ్చేది కాదు. జాగ్రత్తపడి ముందే చూపించుకున్న మనిషికి ఏమీ లేదు, మీదికి తెచ్చుకున్నవాడికి మొత్తం. ఇది న్యాయం కాదు. కొన్ని పాలసీలు యాంజియోప్లాస్టీకి బీమా మొత్తంలో కొంత భాగం ఇస్తున్నాయి. ప్రీమియం కాస్త ఎక్కువైనా నేను అటే మొగ్గుతాను.

అక్క సంగతి ఇంకా బాధ. రొమ్ములో తేడా కనిపిస్తే బయాప్సీ చేశారు. 'డక్టల్ కార్సినోమా ఇన్ సిటు' అని వచ్చింది. అంటే క్యాన్సర్ కణాలు పాలనాళం లోపలే ఉన్నాయి, గోడ దాటి చుట్టూ ఉన్న కణజాలంలోకి పాకలేదు. ఆపరేషన్ అయింది, రేడియేషన్ ఇచ్చారు, నెలల తరబడి నిద్రలేదు. ఇంట్లో అందరి నోటా క్యాన్సర్ అన్న మాటే. పాలసీలో మాత్రం క్యాన్సర్ అంటే చుట్టూ కణజాలంలోకి చొచ్చుకుపోయినదే, ఇన్ సిటు దశ వర్తించదు. క్లెయిమ్ తిరస్కరించారు. బాండు తీసి చూస్తే ఆ వాక్యం స్పష్టంగా ఉంది, వాదించడానికి ఏమీ లేదు. కానీ అమ్మేటప్పుడు "క్యాన్సర్ వస్తే మొత్తం ఇచ్చేస్తారమ్మా" అన్న మనిషి ఆ పేజీ తెరిచి చూపించాల్సింది. అక్క కోపం సబబే. ఇప్పుడు తొలిదశ క్యాన్సర్‌కి కూడా ఒక వంతు, కొన్నిటిలో పాతిక శాతం, ఇచ్చే పాలసీలు ఉన్నాయి. ఆడవాళ్లు ముఖ్యంగా ఇది అడిగి తీసుకోవాలి.

తక్కిన జబ్బుల నిర్వచనాలు కూడా ఇలాగే బిగించి ఉంటాయి. చర్మ క్యాన్సర్లలో మెలనోమా తప్ప మిగతావి సాధారణంగా ఉండవు. చిన్న సైజు థైరాయిడ్ క్యాన్సర్, తొలిదశ ప్రోస్టేట్ క్యాన్సర్ చాలాచోట్ల బయటే. పక్షవాతం అయితే 24 గంటల్లో తగ్గిపోయే మినీ స్ట్రోక్ లెక్కలోకి రాదు. శాశ్వత లోపం మిగిలిందని చూపించాలి, దానికోసం చాలా పాలసీలు మూడు నెలలు ఆగమంటాయి. కిడ్నీలంటే రెండూ కోలుకోలేనంతగా పాడై డయాలసిస్ తప్పనిసరి కావాలి, లేదా మార్పిడి జరగాలి. కోమా అయితే కనీసం 96 గంటలు. ఈ పేజీలు చదువుతుంటే భయమేస్తుంది, అయినా చదవాలి.

ఇక డబ్బు వచ్చాక ఏమైందో చెప్పాలి. నా దృష్టిలో ఈ పాలసీ అసలు విలువ అక్కడే ఉంది. ఆస్పత్రి బిల్లు ఎవరో ఒకరు కడతారు, మందుల షాపు బిల్లు నెలనెలా మనమే కట్టాలి. రక్తం పలుచబడే మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు, చెకప్‌లు, ఇవేవీ నా హెల్త్ పాలసీలోకి రావు. సెలవులు అయిపోయాక జీతం ఆగింది. నన్ను చూసుకోవడానికి మా ఆవిడ కూడా జీతం లేని సెలవు పెట్టింది. ఇంటి లోన్ వాయిదాలకి మాత్రం సెలవు ఉండదు కదా. వచ్చిన మొత్తంలో కొంత లోన్‌కి కట్టి వాయిదా తగ్గించుకున్నాం, మిగిలినదాన్ని ఇంటి ఖర్చుకి నెలనెలా వాడుకున్నాం.

ఇంకా పెద్ద మేలు ఒకటి జరిగింది. నా పాత ఉద్యోగంలో తిరుగుడు, టార్గెట్లు, రాత్రి ప్రయాణాలు ఎక్కువ. డాక్టరు అవి తగ్గించమన్నారు. చేతిలో ఈ డబ్బు లేకపోతే, నడవగలిగిన మర్నాడే అదే ఉద్యోగంలోకి పరిగెత్తేవాణ్ణి. ఉంది కాబట్టి టెన్షన్ లేకుండా కోలుకుని, తక్కువ జీతమే అయినా కూర్చుని చేసే పనికి మారాను. ఇలాంటి నిర్ణయం తీసుకునే వీలు ఏ హెల్త్ ఇన్సూరెన్సూ ఇవ్వదు.

అందుకే ఎంత మొత్తానికి తీసుకోవాలని అడిగేవాళ్లకి నేను ఆస్పత్రి ఖర్చులు లెక్కేయొద్దంటాను. రెండు, మూడేళ్ల ఇంటి ఖర్చు, దానికి లోన్ వాయిదాలు కలపండి. నేను తీసుకున్న మొత్తం దాదాపు ఆ లెక్కలోనే ఉంది, ఇంకొంచెం ఉంటే బాగుండేదనిపించింది.

డబ్బిచ్చేశాక నా పాలసీ ముగిసింది. గుండె జబ్బు ఉన్న మనిషికి ఇలాంటి పాలసీ మళ్లీ దొరకడం దాదాపు అసాధ్యం. రేపు క్యాన్సర్ వస్తే నాకు ఏ ఆసరా లేదు. జబ్బుల్ని గుంపులుగా విడదీసి, ఒక గుంపులో క్లెయిమ్ అయినా మిగతా గుంపులకి బీమా కొనసాగించే పాలసీలు ఉన్నాయి. వయసులో ఉన్నవాళ్లు అవి చూడటం మంచిది. ప్రీమియం విషయంలో కూడా ఒక మాట అడగండి: చివరిదాకా ఇంతేనా, వయసుతో పెరుగుతుందా? నాది పెరిగే రకం. వయసు ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా ప్రీమియం బాగా బరువైంది. సరిగ్గా జబ్బులు వచ్చే వయసులో కట్టలేక మానేసినవాళ్లు నాకు తెలుసు.

మా ఆవిడకి ఆ తర్వాత విడిగా పాలసీ తీసుకున్నాం, తొలిదశ క్యాన్సర్‌కీ యాంజియోప్లాస్టీకీ కొంత భాగం ఇచ్చేది చూసి. నిర్వచనాల పేజీలు జిరాక్స్ తీసి హెల్త్ కార్డు ఉన్న ఫైల్లోనే పెట్టాం. ఎవరు ఆస్పత్రిలో చేరినా డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బు పూర్తి పేరు, నిర్ధారణ తేదీ, రిపోర్టుల విలువలు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అక్కడే రాయించుకుని రమ్మని పిల్లలకి చెప్పి ఉంచాం.