ఆరేళ్లుగా ఓపీఎన్‌సెన్స్ ఫైర్‌వాల్: మా కార్యాలయంలో చూసినది

విజయవాడలో 40 కంప్యూటర్లున్న ఒక ఆడిట్ కార్యాలయంలో నెట్‌వర్క్ బాధ్యత నాది. 2019లో, వాడకుండా పక్కన పెట్టిన ఒక డెస్క్‌టాప్‌కు రెండు ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు అమర్చి, ఓపీఎన్‌సెన్స్ ఎక్కించి, ఇంటర్నెట్ లైనుకూ మా కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్‌కూ మధ్య పెట్టాను. నెట్‌వర్క్‌లోకి వచ్చిపోయేవాటిని వడపోసే ఈ ఉచిత ఫైర్‌వాల్, 2015లో పీఎఫ్‌సెన్స్ అనే మరో ఫైర్‌వాల్ నుంచి విడివడి వచ్చింది; ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. ఏటా జనవరిలోనూ జులైలోనూ పెద్ద వెర్షన్లు వస్తాయి. ఇన్నేళ్లలో అప్‌డేట్ వల్ల పని ఆగింది ఒక్కసారే. ముందుగా దాచుకున్న కాన్ఫిగరేషన్ ఫైలును తిరిగి ఎక్కించగానే అరగంటలో అంతా సర్దుకుంది.

బయటి నుంచి వచ్చిపడేవాటిని ఆపడంలో దీనికి వంక పెట్టలేను. లోపలి కంప్యూటర్ అడిగినదానికి జవాబుగా వచ్చే ప్యాకెట్లను (డేటా ముక్కలను) గుర్తుపట్టి రానిస్తుంది, అడగనివాటిని గుమ్మంలోనే ఆపేస్తుంది. అయితే తలుపు మనమే తీస్తే అది అడ్డుపడదు. ఒకసారి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నిపుణుడు దూరం నుంచి పని చేయడానికి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు (ఒక్కో సేవకు ఉండే నంబరు తలుపు) తెరిచి, పని ముగిశాక మూయడం మరిచాను. నాలుగో రోజు సర్వర్ లాగ్ చూస్తే, అడ్మినిస్ట్రేటర్ పేరుతో తప్పు పాస్‌వర్డ్‌లు నిమిషానికి పదుల సంఖ్యలో కొడుతున్నారు. వెంటనే పోర్టు మూసి, అప్పటి నుంచి బయటివారికి వైర్‌గార్డ్ వీపీఎన్ (గుర్తింపు ఉన్నవారికే తెరుచుకునే ఎన్‌క్రిప్ట్ అయిన దారి) మీదుగానే దారి ఇస్తున్నాను.

అసలు దెబ్బ 2021లో తగిలింది. జీఎస్టీ నోటీసు పేరుతో మెయిల్‌లో వచ్చిన ఎక్సెల్ ఫైలును అకౌంట్స్ విభాగంలో ఒకరు తెరిచి, అందులో దాగిన చిన్న ప్రోగ్రాములైన మాక్రోలకు అనుమతి ఇచ్చారు. మధ్యాహ్నానికి ఉమ్మడి ఫోల్డర్‌లోని ఫైళ్లు ఒక్కొక్కటిగా తెరుచుకోకుండా పోయాయి. ఫైర్‌వాల్ లైవ్ లాగ్‌లో ఆ కంప్యూటర్ వరుసలన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి: లోపలి నుంచి బయటికి, 443 పోర్టు (మామూలుగా వెబ్‌సైట్లు వాడేది), అనుమతించబడింది. ఆ రాకపోకలు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నందువల్ల అందులో ఏముందో ఫైర్‌వాల్‌కు తెలిసే వీలు లేదు. ఇక ఆ కంప్యూటర్ నుంచి ఫైల్ సర్వర్‌కు నడిచినదంతా స్విచ్‌లోనే జరిగిపోయింది. ఫైర్‌వాల్ దాకా రానే లేదు కనుక లాగ్‌లో ఒక్క వరుస కూడా లేదు. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై కూడా లోపల ఒక్క యంత్రం దొరికితే చాలు, విండోస్ ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు ద్వారా పక్క యంత్రాలకు పాకింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. మమ్మల్ని కాపాడింది ఫైర్‌వాల్ కాదు, ముందు రాత్రి బ్యాకప్ తీసి, కేబుల్ ఊడదీసి బీరువాలో పెట్టిన డిస్కు. ఒక్క రోజు పనే పోయింది.

ఆ తర్వాతే ఈ ఫైర్‌వాల్‌ను నిజంగా వాడడం మొదలుపెట్టాను. మేనేజ్డ్ స్విచ్ కొని అకౌంట్స్, సర్వర్లు, అతిథుల వైఫైలను వేర్వేరు వీల్యాన్‌లుగా (ఒకే స్విచ్ మీద విడివిడి నెట్‌వర్క్‌లుగా) విడదీసి, వాటి మధ్య రాకపోకలు ఫైర్‌వాల్ మీదుగానే సాగేలా చేశాను. లోపలి నుంచి ఎక్కడికైనా వెళ్లనిచ్చే మొదటి నియమాన్ని తీసేసి, అవసరమైన పోర్టులకే అనుమతి ఇచ్చాను. రాకపోకల్లో దాడి ఆనవాళ్లు వెతికే సూరికాటాను పూర్తిగా నడిపితే పాత ప్రాసెసర్ మీద ఇంటర్నెట్ వేగం పడిపోతున్నందువల్ల కొద్ది నియమాలకే పరిమితం చేశాను. ఎవరైనా ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపితే మాత్రం ఇవేవీ అడ్డురావు; ఆ విషయం సిబ్బందికి చెప్పుకోవలసిందే.

కొత్తగా పెట్టుకునేవారు ప్రతి నియమం పక్కన వివరణ గడిలో ఎవరు అడిగారో, ఎందుకో, ఏ తేదీనో రాయండి. మొన్న మార్చిలో ఆ గడులు చదువుతూ, అడిగినవారు ఉద్యోగం మానేసి వెళ్లినా ఇంకా తెరిచే ఉన్న ఏడు నియమాలను తొలగించాను.