వృశ్చిక రాశి వాళ్లకు అమ్ముతున్న ‘డెత్ కార్డు’ టారో రిపోర్ట్‌తో జాగ్రత్త

టారో అంటే బొమ్మల కార్డులు చూసి జోస్యం చెప్పే పద్ధతి. “వృశ్చిక రాశి వారి టారో రహస్యం” లాంటి పేర్లతో వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో పీడీఎఫ్ రిపోర్టులు అమ్ముతున్నారు. 499 రూపాయలు కట్టి పేరు, పుట్టిన తేదీ పంపితే గంటలో 14 పేజీలు వచ్చేస్తాయి, మీ కార్డు ‘డెత్’ (మృత్యువు) అని. ఆ తర్వాతే అసలు ఖర్చు మొదలవుతుంది. అమ్మేవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకరి నంబర్ బ్లాక్ చేస్తే ఇంకొకరు తగులుతారు, కాబట్టి ఈ రిపోర్టుల్లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం నేర్చుకుంటేనే మేలు.

మొదటి తప్పు రాశిలోనే ఉంది. మన ఇళ్లలో “నాది వృశ్చిక రాశి” అంటే పుట్టినప్పుడు చంద్రుడు వృశ్చికంలో ఉన్నాడని అర్థం. విశాఖ 4వ పాదం, అనూరాధ, జ్యేష్ఠ వాళ్లందరూ దీని కిందికి వస్తారు. చంద్రుడు ఒక్కో రాశిలో రెండుంపావు రోజులే ఉంటాడు, అందుకే ఏ నెలలో పుట్టినవాళ్లయినా వృశ్చిక రాశి కావచ్చు. టారోలో వృశ్చికానికి డెత్ కార్డు అని చెప్పే పద్ధతి మాత్రం పాశ్చాత్యుల సూర్య రాశికి సంబంధించినది. వాళ్ల లెక్కలో సుమారు అక్టోబర్ 23 నుంచి నవంబర్ 21 మధ్య పుట్టినవాళ్లది వృశ్చికం. ఆ లెక్కలో, మన పంచాంగం లెక్కలో రాశులు మొదలయ్యే చోట్ల మధ్య తేడా (అయనాంశ) ఇప్పుడు దాదాపు 24 డిగ్రీలు.

నవంబర్ 10న పుట్టిన మనిషిని తీసుకోండి. పాశ్చాత్య లెక్కలో సూర్యుడు వృశ్చికంలో 18 డిగ్రీల దగ్గర, మన పంచాంగంలో ఇంకా తులలోనే ఉంటాడు. డిసెంబర్ 5న పుట్టినవాళ్లకు సరిగ్గా తిరగబడుతుంది. పంచాంగం ప్రకారం సూర్యుడు వృశ్చికంలో ఉంటాడు, పాశ్చాత్యుల ప్రకారం ధనుస్సులో. అప్పుడు వాళ్ల కార్డు డెత్ కాదు, టెంపరెన్స్. రిపోర్ట్ అమ్మేవాళ్లు ఇవేమీ చూడరు. మీరు అనూరాధ అంటే డెత్, నవంబర్ అన్నా డెత్. పుట్టిన టైము తెలియదంటే పేరులో మొదటి అక్షరం చూసి, నీరజ అని ఉంటే “నీ కాబట్టి అనూరాధ, వృశ్చికం” అని నామరాశితో కూడా అదే కార్డు అంటగడతారు. మూడు వేర్వేరు లెక్కలు కలిపేసి ఒకే జవాబు అమ్మడం అంటే ఇదే.

ఇది వేల ఏళ్ల నాటి విద్య అని మొదటి పేజీలోనే రాస్తారు. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాటగా మొదలైంది. రాశులతో జోడించి ఇప్పుడు ఎక్కువమంది వాడే పట్టికను 1888లో లండన్‌లో పుట్టిన గోల్డెన్ డాన్ అనే సంఘం వాళ్లు తయారుచేశారు. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసిన డెక్ (కార్డుల కట్ట) 1909లో వచ్చింది. మన జ్యోతిష గ్రంథాల్లో ఈ కార్డుల ఊసే లేదు.

ఆ పట్టికలో వృశ్చికానికి ఏముందో తెలిస్తే రిపోర్ట్‌ను మీరే పరీక్షించుకోవచ్చు. పెద్ద కార్డుల్లో 13వది డెత్. చిన్న కార్డుల్లో రాశిని పదేసి డిగ్రీల చొప్పున మూడు ముక్కలు చేశారు. మొదటి ముక్క కుజుడిది, 5 ఆఫ్ కప్స్ (కప్పుల గుర్తున్న కార్డుల్లో 5వది). రెండోది సూర్యుడిది, 6 ఆఫ్ కప్స్. మూడోది శుక్రుడిది, 7 ఆఫ్ కప్స్. నవంబర్ 10 వాళ్ల సూర్యుడు 18 డిగ్రీల దగ్గర, అంటే రెండో ముక్కలో, కాబట్టి వాళ్లకు 6 రావాలి. 8, 9, 10 ఆఫ్ కప్స్ రాసి ఉంటే అవి మీనానివి, ఎక్కడినుంచో ఎత్తి అతికించారన్నమాట. రాశ్యధిపతి కుజుడికి టవర్ కార్డు. ప్లూటోను అధిపతిగా పెట్టుకునేవాళ్లు జడ్జిమెంట్ చెబుతారు. ప్లూటో 1930లో బయటపడింది కాబట్టి అది తర్వాత చేర్చిందే. రెండిట్లో ఏది వాడినా తప్పులేదు గానీ, ఏది వాడారో రిపోర్ట్‌లో రాయాలి. రాజు, రాణి కార్డుల దగ్గర మాత్రం తెలిసిన రీడర్ల మధ్యే తేడాలున్నాయి, అది మోసమని అనుకోవద్దు.

ఇక భయపెట్టే పేజీ. వెయిట్ డెక్‌లో డెత్ బొమ్మ మొత్తం చూడండి. నల్ల కవచం తొడుక్కున్న అస్థిపంజరం తెల్ల గుర్రం మీద ఉంటుంది, చేతిలో నల్ల జెండా, దాని మీద అయిదు రేకుల తెల్ల గులాబీ. కింద రాజు పడి ఉంటాడు. కుడివైపు వెనకాల రెండు బురుజుల మధ్య సూర్యుడు కనిపిస్తాడు, నది మీద పడవ ఉంటుంది. ఈ రిపోర్టుల్లో బొమ్మను కత్తిరించి అస్థిపంజరం, పడి ఉన్న రాజు మాత్రమే ఉంచుతారు. సూర్యుడున్న ముక్క ఉండదు. టారో నేర్చుకున్నవాళ్లను అడిగితే ఎక్కువమంది ఒక దశ ముగిసి ఇంకోటి మొదలవడం అంటారు. ప్రాణగండం అని సాధారణంగా చదవరు. పైగా రాశిని బట్టి ఇచ్చిన కార్డు ఆ రాశి వాళ్లందరికీ ఒకటే. దాన్ని “మీకు ప్రత్యేకంగా వచ్చింది” అనడం పచ్చి అబద్ధం.

రిపోర్ట్ చేరిన మర్నాడు ఫోన్ వస్తుంది. కార్డు బాగోలేదు, మృత్యుంజయ హోమం చేయించాలి, 11,000 అవుతుంది, అమావాస్య లోపు కట్టాలి అంటారు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని మాటల్లో చెప్పేశారా, ఇక వదలరు. హోమం చేయించుకోవాలని మనసులో ఉంటే మీ ఊరి గుడిలో రసీదు తీసుకుని చేయించుకోండి. టారో కార్డు చూపించి అడిగినవాళ్లకు మాత్రం కట్టొద్దు.

కొనాలనే ఉంటే ముందు మూడు మాటలు అడగండి: నాది చంద్ర రాశా, సూర్య రాశా, దేన్ని బట్టి చెబుతారు? నా తేదీకి 5, 6, 7 కప్స్‌లో ఏది? పాత రిపోర్ట్ ఒకటి పేరు తీసేసి చూపిస్తారా? తెలిసినవాళ్లకు వీటికి రెండు నిమిషాలు చాలు. చూపించిన నమూనాలో వృశ్చికం మధ్యలో “ధనుస్సు వారికి” అనే వాక్యం మిగిలిపోయి ఉంటే అది ఒకే రిపోర్ట్‌ను పన్నెండు రాశులకు మార్చి అమ్ముతున్నది.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు చాట్‌ను, యూపీఐ లావాదేవీ నంబర్‌ను, పీడీఎఫ్‌ను దాచుకోండి, చాట్ డిలీట్ చేయొద్దు. వెబ్‌సైట్‌లో కొని ఉంటే వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారి) రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనూ మాట్లాడొచ్చు. బెదిరించి హోమం పేరుతో గుంజారంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి; ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. “రిఫండ్ పంపుతాం, పిన్ కొట్టండి” అని అటునుంచి మెసేజ్ వస్తే కొట్టకండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే ఇంకో సారి మీ ఖాతాలోంచే పోతుంది.