‘జీవితకాల లైసెన్సు’ అంటూ అమ్ముతున్న పాత డీటీపీ సాఫ్ట్‌వేర్: కొనే ముందు ఇది చదవండి

డీటీపీ (కంప్యూటర్లో పుస్తకాల పేజీలు కూర్చే) పని చేసేవారికి, చిన్న ప్రచురణకర్తలకు, తమ పాత పుస్తకాలను మళ్లీ అచ్చు వేయించుకోవాలనుకునే రచయితలకు ఈ హెచ్చరిక. వాడిన వస్తువులు అమ్మే సైట్లలో ‘పూర్తి తెలుగు డీటీపీ సెట్, జీవితకాల లైసెన్సు, నెలనెలా చందా లేదు’ అనే ప్రకటన ఒకటి తిరుగుతోంది. పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్ 7 సీడీ, దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ ఉన్న క్రియేటివ్ సూట్ 3 (సీఎస్3) డిస్కులు, ఒక తెలుగు ఫాంట్ల ప్యాకేజీ, దానికి హార్డ్‌వేర్ లాకు (కంప్యూటర్‌కు గుచ్చితేనే ఆ ప్యాకేజీ పనిచేసే చిన్న పరికరం). ఇదీ సరుకు. నేను కొన్నాను. పేజ్‌మేకర్ ఒక్కటే కుంటుకుంటూ నడిచింది. మిగతావి బీరువాలో పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

మా దగ్గరికి ఇప్పటికీ పి65, పిఎండి అనే పేజ్‌మేకర్ ఫైళ్లతో పాత సీడీలు వస్తుంటాయి. ఇరవయ్యేళ్ల కిందటి కథల పుస్తకాన్ని మళ్లీ వేయాలంటారు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. 2004లో తయారీ కంపెనీ అడోబీ దాని అభివృద్ధిని ఆపేసింది. ఈనాటి ఇన్‌డిజైన్ ఆ ఫైళ్లను తెరవదు, సీఎస్ కాలం నాటివి తెరిచేవి. కాబట్టి ఈ సెట్ మీద ఆశ పడటానికి తగిన కారణమే ఉంది. విక్రేతను మెసేజ్‌లో మూడు ప్రశ్నలు అడిగాను. విండోస్ 11లో నడుస్తుందా? యాక్టివేషన్ (నెట్ ద్వారా కంపెనీ లైసెన్సును సరిచూసి అనుమతించడం) అవుతుందా? యూనికోడ్ తెలుగు (అన్ని కంప్యూటర్లకూ ఒకే ప్రామాణిక అక్షర సంకేతాలు వాడే తెలుగు) వస్తుందా? మూడింటికీ ‘గ్యారంటీ సార్’ అనే జవాబు.

యాక్టివేషన్ సంగతి ముందు చెప్పాలి, ఎక్కువ మంది మునిగేది అక్కడే కనుక. సీఎస్3 ఎక్కింది, సీరియల్ నంబరునూ ఒప్పుకుంది. ఆ తర్వాత నెట్‌లో యాక్టివేట్ చేయమంది. చేయడానికి అవతల ఎవరూ లేరు. సీఎస్2, సీఎస్3 యాక్టివేషన్ సర్వర్లను అడోబీ మూసేసింది. అసలు డిస్కు, అసలు సీరియల్ చేతిలో ఉన్నా వాటిని కొత్తగా ఎక్కించుకోలేరని కంపెనీయే చెబుతోంది. సర్వర్లు బతికి ఉన్న రోజుల్లో కూడా ఒక లైసెన్సు రెండు కంప్యూటర్లకే పరిమితం. పాత యజమాని తన కంప్యూటర్లలో దాన్ని డీయాక్టివేట్ చేయకుండా డిస్కు అమ్మేస్తే, కొన్నవారికి మిగిలేది ప్లాస్టిక్ ముక్కే.

సీఎస్2 పేరుతో ఇంకో మాయ నడుస్తోంది. ఆ సర్వర్లు ఆపేసినప్పుడు, అప్పటికే కొన్నవారి కోసమని కంపెనీ 2013 మొదట్లో యాక్టివేషన్ అడగని ప్రతిని సీరియల్‌తో సహా నెట్‌లో పెట్టింది. లోకమంతా దాన్ని ఉచితం అనుకుంది. కాదని కంపెనీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ సీరియల్‌నే కాగితం మీద అచ్చు వేసి ‘అధికారిక లైసెన్సు’ అని అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు.

నా ఫిర్యాదుకు విక్రేత చూపిన పరిష్కారం ఇది: ‘ఒక చిన్న ఫైలు పంపిస్తాను సార్, యాంటీవైరస్ ఆపేసి నడపండి, జన్మలో యాక్టివేషన్ అడగదు.’ దయచేసి ఆ పని మాత్రం చేయకండి. మన కంప్యూటర్లో ఉన్నవి మన ఫైళ్లే కాదు, మనల్ని నమ్మి ఇచ్చిన రచయితల పుస్తకాలు కూడా. పైగా ఆ ఫైలుతో నడిచే సాఫ్ట్‌వేర్‌ను లైసెన్సు అనడానికి లేదు. దొంగ ప్రతి అని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ వాడినవారి మీదికే వస్తుంది.

హార్డ్‌వేర్ లాకు కథ చిన్నది. దానితో వచ్చిన డ్రైవరు, అంటే ఆ లాకును విండోస్ గుర్తించేలా చేసే ప్రోగ్రాము, పాత 32 బిట్ల రకానిది. విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు, 64 బిట్ల విండోస్ అటువంటి డ్రైవరును లోపలికి రానివ్వదు. కొత్త డ్రైవరు కావాలంటే ఫాంట్ల తయారీదారును అడగాలి, వారు మొదటి కొనుగోలుదారు బిల్లు చూపించమంటారు. విక్రేత దగ్గర ఆ బిల్లు లేదు.

ఇక తెలుగు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ అంటే ఏమిటో తెలియదు. పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు అక్షర ఖండాలను కూర్చోబెట్టారు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పేజీ అంతా పిచ్చి గుర్తుల వాన. సీఎస్3 ఇన్‌డిజైన్ కూడా ఈ విషయంలో అంతే. యూనికోడ్‌లో ‘రాష్ట్రం’ అని కొడితే ష, ట, ర ఒకదానికొకటి సంబంధం లేనట్టు విడివిడిగా నిలబడతాయి. ఇన్‌డిజైన్‌లో తెలుగుతో సహా పది భారతీయ భాషలకు మద్దతు వచ్చింది 2012 నాటి సీఎస్6లో. అదీ ఒక స్క్రిప్టు (చిన్న సహాయక ప్రోగ్రాము) నడిపితేనే. అంతకంటే పాతది చూపించి ‘యూనికోడ్ తెలుగు వస్తుంది’ అన్నారంటే, విక్రేతకు తెలుగు రాదో, నిజం రాదో తేల్చుకోండి.

కంపెనీని వెనకేసుకు రావాలని నాకు లేదు. 2013 నుంచి ఇన్‌డిజైన్ వంటి వాటి కొత్త రూపాలను చందా పద్ధతిలోనే ఇస్తూ, పూర్తి ధర పెట్టి కొన్నవారి పాత డిస్కులకు తాళం వేయడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు. నెలకు నాలుగు పెళ్లి కార్డులు, రెండు కరపత్రాలు చేసుకునే దుకాణానికి చందా భారమే. ఈ ప్రకటనలకు గిరాకీ అందుకే.

పాత ఫైలును తెరవడమే మీ అవసరమైతే ఖర్చు లేని దారి ఉంది. లిబ్రేఆఫీస్ 4.4 రూపం నుంచి, అంటే 2015 నుంచి, పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తోంది. పేజీ అమరిక కొంత చెదురుతుంది. అక్షరాలు పాత ఫాంటు సంకేతాల్లోనే వస్తాయి కాబట్టి వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక మొదటి పేజీ నుంచి ప్రూఫు చదవాల్సిందే, వత్తులు ఎక్కడ జారతాయో చెప్పలేం. ఎక్స్‌పీ లేదా విండోస్ 7తో ఇంకా నడుస్తున్న పాత కంప్యూటర్ మీ దగ్గర ఉంటే పాత సామానువాడికి వేయకండి. నెట్ తీసేసి, ఉన్న ఫైళ్లన్నిటినీ ఫాంట్లతో సహా పీడీఎఫ్‌లుగా తీసి దాచుకోండి. మ్యాక్ వాడేవారు ఇటువంటి సెట్ల జోలికే వెళ్లొద్దు: 2019లో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ కాటలీనా నుంచి 32 బిట్ల ప్రోగ్రాములు నడవవు.

అయినా కొనాలనుకుంటే, డబ్బు ఇచ్చే ముందు మీ కంప్యూటర్లో, మీ కళ్ల ముందు ఎక్కించి, యాక్టివేట్ చేసి, ‘రాష్ట్రం’ అని టైపు చేసి చూపించమనండి. మొదటి బిల్లు, లైసెన్సు మీ పేరిట బదిలీ చేసిన కాగితం అడగండి. మాటలన్నీ ఫోనులో కాకుండా మెసేజ్‌లోనే సాగించండి. నా ‘గ్యారంటీ సార్’ మెసేజ్‌లనే జతచేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915లో ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ తర్వాత సగం డబ్బు వెనక్కి వచ్చింది, మిగతా సగం కోసం అడుగుతూనే ఉన్నాను.

అటువంటి సెట్టే మరో ఊరి పేరుతో మళ్లీ అమ్మకానికి కనిపిస్తోంది. ధర కాస్త తగ్గించారు, ‘యాక్టివేషన్ అవసరం లేదు’ అనే వాక్యం కొత్తగా చేర్చారు.