ధర్మవరంలో చీర కొన్నాం, మగ్గం దగ్గర కూడా కూర్చున్నాం

అమ్మాయి నిశ్చితార్థానికని పోయిన నెల ధర్మవరం వెళ్లి పట్టుచీర తెచ్చుకున్నాం. 18,500 అయింది. షాపు చిన్నదే కానీ వెనకాల వాళ్ల సొంత మగ్గాలు మూడున్నాయి.

చీర చాలా బాగుంది. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఒక రంగు కావడంతో వెలుగులో తిప్పితే ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి వంకాయ రంగులో కనబడుతుంది. అంచు జానెడు పైనే. అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ ఉంది. ఫాల్ కుట్టి, కుచ్చులు కట్టి వారంలో ఇస్తామని మూడు వారాలు తిప్పారు. ముహూర్తం దగ్గరపడుతుంటే మాకు ఒకటే టెన్షన్.

మగ్గం మీదున్న అన్నను దారం ఎక్కడిదని అడిగాను. "పడుగు చైనాది అక్కా, తెగదు. పేక మన దగ్గరిదే" అన్నాడు. ఆ మాటతో నా మనసు మా ఊరికి పోయింది.

మాది హిందూపురం పక్కన పల్లె. నాన్న పట్టుపురుగుల మేతకు ఎకరంన్నరలో మల్బరీ వేసేవాడు. నాలుగో జ్వరం (తిండి మాని చర్మం విడిచే దశ) లేచాక పురుగులు ఆకు తింటుంటే రాత్రంతా షెడ్డులో వాన కురుస్తున్నట్టే ఉండేది. 2011 బడ్జెట్‌లో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5కు దించారు. బయటి దారం చవకై మా పట్టుగూళ్ల ధర పడిపోయింది. ఆకు కోసే ఇద్దరికీ కూలి ఇవ్వలేక నాన్న మానిపించాడు. వాళ్లు బెంగళూరులో బిల్డింగ్ పనులకు పోయారు. సుంకాన్ని 2013లో 15 శాతానికి పెంచారు కానీ వాళ్లు తిరిగి రాలేదు.

మా ఊళ్లో కూలి పోయింది సరే, రైలెక్కితే రెండు గంటల లోపే ఉన్న ధర్మవరంలోనైనా పెరిగిందా? అదే అడిగాను.

"కూలి పెరగలేదక్కా, పని మాత్రం ఆగలేదు. దారం చవకైతే మిగిలేది సరుకిచ్చేవాళ్లకే. మాకు చీరకింత అని లెక్క."

నా చీరకు ఆ లెక్క 5,000. భార్యాభర్తలిద్దరూ పది రోజులు కూర్చున్నారు. మనిషికి రోజుకు 250. ఓనర్ పక్కనే ఉండి కూడా ఆ మాట దాచలేదు, అవునని ఒప్పుకున్నాడు. నాకు ఆ షాపు మీద గౌరవం కలిగింది అక్కడే.

మీరు వెళ్తే మగ్గం చూపించమనండి, కూలి ఎంతో అడగండి, చెప్తారు. నేను శ్రావణానికి ముందు మళ్లీ వెళ్తాను. ఫాల్ మాత్రం హిందూపురంలోనే కుట్టించుకుంటాను.