చెన్నైలో గంటల కోసం వెళ్లి: లాడ్జి టోపీ, ఆర్మీనియన్ వీధి సంబరం

చెన్నై సెంట్రల్ ఎదురుగా పెరియమేడు వైపు రూమ్ తీసుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. ఫోన్లో "కిటికీ తీస్తే రిపన్ బిల్డింగ్ గడియారం కనిపిస్తుంది సార్" అని ఎవరైనా అంటే అడ్వాన్సు పంపకండి. ముందు ఆ కిటికీ ఫొటో పెట్టమనండి.

ఆ గడియారం మీద మాకు మోజు ఉంది కాబట్టే ఆ మాటకు పడ్డాం. రిపన్ బిల్డింగ్ కార్పొరేషన్ ఆఫీసే గానీ, దాని గోపురంలో 1913లో పెట్టిన గడియారానికి నాలుగు గంటలున్నాయి. ఇంగ్లండులో గిల్లెట్ అండ్ జాన్‌స్టన్ వాళ్లు పోతపోసినవి. లండన్ బిగ్ బెన్ గడియారంలా పావుగంటకోసారి వెస్ట్‌మినిస్టర్ వరసలో మోగే రకం. నాకు ఇలాంటివంటే పిచ్చి. మా అమ్మ పుట్టింది ఫిరంగిపురంలో, గుడి గంట వింటూ పెరిగిన మనిషి. ఇక మా బావమరిదిది అంబత్తూరులో ఉద్యోగం, విల్లివాక్కంలో ఒక్క గది ఇల్లు. అందుకే అమ్మా నేనూ లాడ్జి చూసుకోవాల్సి వచ్చింది.

రైలు గురించి చెప్పడానికేం లేదు, టైముకే దింపింది.

లాడ్జి కౌంటర్లో ఉన్నాయన నెల్లూరు మనిషి. "మన తెలుగువాళ్లే" అని నవ్వుతూనే మొదలుపెట్టాడు. ఫోన్లో చెప్పింది ₹1,600. అది ఇద్దరికేనట. మా బావమరిది కూడా రాత్రికి ఉంటాడంటే ఎక్స్‌ట్రా బెడ్ ₹400. ఏసీ రిమోట్ కావాలంటే ఇంకో ₹300. మొత్తం ₹2,300. ఎక్స్‌ట్రా బెడ్ అంటే మంచం కాదు, ఒక మూల చిరిగి దూది బయటికొచ్చిన పరుపు. కిటికీ తీస్తే రెండడుగుల దూరంలో పక్క బిల్డింగ్ ఏసీ డబ్బా, దానిలోంచి వేడిగాలి సూటిగా ముఖానికి. గడియారం ఏదయ్యా అని అడిగితే "మేడెక్కితే కనిపిస్తుంది సార్" అన్నాడు. మేడ తలుపుకు తాళం. తాళం ఓనరు దగ్గర. ఓనరు ఊళ్లో లేడు. మా బావమరిది మాత్రం ఆ పరుపు మీద కూర్చుని "గడియారం ఎలా ఉంది బావా?" అని రాత్రంతా దెప్పుతూనే ఉన్నాడు.

తెల్లారి ఆరింటికి ఇంకో విచిత్రం. దగ్గర్లో ఏదో చర్చి, పేరు వద్దులెండి. మొదట గర్‌మని శబ్దం, తర్వాత ఎవరో మైకు మీద వేలితో కొట్టినట్టు టకటక, ఆ తర్వాత గంట. అమ్మ వెంటనే లేచి సిలువ గుర్తు వేసుకుంది. కతోలికులు రోజుకు మూడుసార్లు చెప్పుకునే త్రికాల జపం గంటకు ఒక లెక్కుంది: మూడేసి చొప్పున మూడుసార్లు కొట్టి, చివర్లో వరసగా తొమ్మిది కొడతారు. అమ్మ వేళ్ల మీద లెక్కపెడుతోంది. ఆఖరి వరసలో ఆరో దెబ్బ మోగుతుండగానే కత్తిరించినట్టు ఆగిపోయింది. "తొమ్మిది పూర్తికాలేదేంట్రా?" అంది. రికార్డింగు అమ్మా, అంతవరకే ఉన్నట్టుంది అన్నాను. "గంట కొట్టడానికి కూడా మనిషి దొరకలేదా" అని విసుక్కుంటూ మిగతా మూడూ తనే నోటితో లెక్కపెట్టింది.

ఆ చిరాకంతా ఆర్మీనియన్ వీధిలో తీరింది. సెంట్రల్ నుంచి ఆటో ₹200 అడిగాడు, ₹120కి ఒప్పుకున్నాడు. మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్లి హైకోర్టు దగ్గర దిగితే అదీ అక్కర్లేదు. ఆర్మీనియా దేశం నుంచి వచ్చిన వర్తకుల చర్చి ఇది; మొదట 1712లో కట్టింది, ఇప్పుడున్నది 1772 నాటిది. టికెట్ లేదు. లోపల దేవగన్నేరు చెట్లు, నేలంతా ఆర్మీనియన్ అక్షరాల సమాధి రాళ్లు. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మీనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో వెలువడింది ఈ మద్రాసు నుంచే. దాన్ని నడిపిన షమావోనియన్ అనే మతగురువు సమాధి కూడా ఇక్కడే ఉంది.

గంటల గోపురం గుడికి ఆనుకుని విడిగా ఉంటుంది. ఆరు గంటలు, ఒక్కొక్కటి సుమారు 150 కిలోలు. ఒక్కో కాలంలో వచ్చి చేరినవి. రెండింటి మీద 1837 అనీ, గంటలు పోతపోసే లండన్ థామస్ మియర్స్ పేరూ ఉన్నాయి. అవి, తర్వాత బిగ్ బెన్ గంటను పోతపోసిన వైట్‌చాపెల్ కార్ఖానాలో పోసినవే. ఇంకొకటి 19 ఏళ్లకే పోయిన ఎలియాజర్ షామియర్ అనే కుర్రాడి జ్ఞాపకార్థం చేయించింది. అది వినగానే అమ్మ "ఏది, ఆ పిల్లాడిది ఏది?" అని తల పైకెత్తి వెతకడం మొదలుపెట్టింది. కింద నుంచి ఎలా తెలుస్తుంది!

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు కొట్టడం ఇక్కడి ఆనవాయితీ. మొదటి దెబ్బకే పావురాలన్నీ లేచిపోయాయి. ఒక గంట మోత ఆగకముందే ఇంకోటి అందుకుంటుంది. కాళ్ల కింద రాయి కూడా సన్నగా అదురుతున్నట్టు అనిపించింది. రాత్రి నుంచి నోరు మూయని మా బావమరిది కూడా ఫోన్ జేబులో పెట్టేశాడు. మోత ఆగాక అమ్మ అడిగింది: "పూజ ఎన్నింటికి?" ఇక్కడ రోజూ పూజలుండవు, ఊళ్లో ఆర్మీనియన్లు దాదాపు లేరు అని చెప్పాం. "పూజ లేని గుడికి ఇంత మంచి గంటలా! రాత్రి మనం పడుకున్న చోట జనం నిండా ఉన్నారు, గంట లేదు" అంది. అమ్మకు ఆ సంగతి మింగుడుపడలేదు.

పూజకు అదే వీధిలో ఉన్న సెయింట్ మేరీస్ కో-కెథెడ్రల్‌కు వెళ్లాం. ఇది కతోలిక దేవాలయం. ఒకప్పుడు షామియర్ల కుటుంబ ప్రార్థనాలయం ఇక్కడే ఉండేది, ఆ కుర్రాడిని పాతిపెట్టిందీ దాని తోటలోనే. అంటే గంట ఒక గుడిలో, మనిషి ఇంకో గుడిలో. అక్కడి పునీత అంతోనివారి స్వరూపం దగ్గర అమ్మ ₹20 కొవ్వొత్తి వెలిగించింది. మంగళవారాలు వెళ్లకండి, అంతోనివారి భక్తులతో కాలు పెట్టే సందుండదు. పక్కన నిలబడ్డ చూలై పేట ఆవిడ తెలుగులో పలకరించి, భోజనానికి బ్రాడ్వే చివర చిన్న మెస్ చూపించింది. భోజనం ₹110. గోంగూర పచ్చడి అడిగితే రెండోసారి కూడా వేశారు. ఈ ప్రయాణంలో పైసాకు పైసా గిట్టుబాటైంది ఇదొక్కటే.

సాయంత్రం శాంతోమ్ కెథెడ్రల్. ఆటో ₹250. ఇప్పటి గుడి 1896 నాటిది, శిఖరం 155 అడుగులు. యేసు శిష్యుడు తోమాసువారి సమాధికి విడిగా దారి ఉంది, భూమి కింద చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్తే మెట్లు చూసుకోండి. మైలాపూరులోని లజ్ చర్చి మీద 1516 అని ఉంటుంది, పది నిమిషాలు చాలు.

రూమ్ కావాలంటే ఎగ్మూరు వైపు చూడండి, సెంట్రల్ ఎదురు సందులు వద్దు. ఆర్మీనియన్ చర్చి మధ్యాహ్నానికే మూసేస్తారు కాబట్టి ఆదివారం తొమ్మిదింటికల్లా గేటు దగ్గరుండండి. అమ్మ జూలై 3న తోమాసువారి పండక్కి మళ్లీ శాంతోమ్ వెళ్దామంటోంది. మా బావమరిది మాత్రం ఆ వారం సెలవు దొరకదని ఇప్పుడే చెప్పేశాడు.